క్రైస్తవ వేదాంతమున నరకభావన: నిత్యదండన విచారము

కొన్ని సంవత్సరముల క్రిందట స్నాతకోత్తర తరగతిలో భారత స్వర్గారోహణపర్వమును బోధించుచుండగా ఒక విద్యార్థి నన్నొక ప్రశ్న యడిగెను. ధర్మరాజు నరకమున తమ్ముల యార్తనాదములను విని, స్వర్గమును కాదని, అచటనే నిలిచెదనని పలికిన ఘట్టమది. ఆ విద్యార్థి క్రైస్తవ కుటుంబమునకు చెందినవాడు. వారి యింట క్రైస్తవమును మొదట స్వీకరించినవాడు అతని తాత. తాతగారి తల్లి మాత్రము పూర్వాచారమునందే యుండి కన్నుమూసినదట. "గురువుగారూ! మా ముత్తవ్వ యున్నదని పెద్దలు చెప్పు నరకము ధర్మరాజు చూచిన నరకమువంటిదేనా? అందుండి వెలుపలికి దారి కలదా?" అని యతడు ప్రశ్నించెను.

ఆనాడు నేను తగిన యుత్తరము చెప్పలేకపోతిని. ఒకే శబ్దమును రెండు మతములు రెండర్థములలో వాడుకొనుచున్నపుడు సమాధానము శబ్దవిచారముతోనే యారంభము కావలెనని పిదప తోచినది. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా వ్రాసిన యుత్తరము. మతప్రచారముగాని మతఖండనముగాని దీని యుద్దేశము కాదు. పాపులకు కలుగు దండనమును గూర్చి క్రైస్తవులలోనే తొలి శతాబ్దులనుండి యున్న భిన్నాభిప్రాయములను, వాని యాధారములను, పరస్పరాక్షేపణములను వివరించుటయే యిందలి ప్రయోజనము.

1. శబ్దవిచారము

బైబిలు మూలమున ఈ విషయమునకు సంబంధించిన ప్రధాన పదములు నాలుగు. మొదటిది హీబ్రూ భాషలోని 'షియోల్'. పాత నిబంధనలో ఇది 65 పర్యాయములు కనబడును. మంచివాడును చెడ్డవాడును మరణానంతరము చేరు చీకటి నెలవని దీనికి సామాన్యార్థము. అది దండనస్థలము కాదు. రెండవది గ్రీకు పదమైన 'హేడీస్'. హీబ్రూ గ్రంథమును గ్రీకులోనికి పరివర్తించినవారు షియోలునకు బదులుగా దీనిని గ్రహించిరి.

మూడవది 'గెహెన్నా'. ఇది మొదట ఒక లోయ పేరు. యెరూషలేము నగరమునకు దక్షిణమున నున్న హిన్నోము లోయయే ఇది. ఆహాజు, మనష్షే అను రాజుల కాలమున అచట శిశువులను అగ్నికి బలియిచ్చిరని, యోషీయా రాజు ఆ స్థలమును అపవిత్రపరచి యా దురాచారమును మాన్పించెనని పాత నిబంధన చెప్పుచున్నది. ఆ లోయలో నగరపు చెత్తను నిరంతరము తగులబెట్టుచుండిరను కథ పెక్కు వ్యాఖ్యానములలో కనబడును గాని, అది మధ్యయుగమునకు పూర్వము వినబడదు. త్రవ్వకములలోను దానికి నిదర్శనము దొరకలేదు. శిశుహత్యాస్మృతియే ఆ పేరునకు భయంకరత్వము నొసగినదనుట సమంజసము. కొత్త నిబంధనలో గెహెన్నా శబ్దము 12 మారులు వచ్చును. అందు 11 యేసు వాక్యములలోనివి. మిగిలిన యొకటి యాకోబు పత్రికలోనిది. నాలుగవది 'టార్టరస్'. గ్రీకు పురాణములలో పరాజితులైన దేవతలను బంధించిన అధోలోకమిది. రెండవ పేతురు పత్రికలో దీనినుండి యేర్పడిన క్రియాపద మొక్కమారు మాత్రము ప్రయుక్తమైనది.

1611లో వెలువడిన ఆంగ్లానువాదము ఈ భేదములను పాటింపలేదు. షియోలును 31 చోట్ల నరకవాచకముతోను, 31 చోట్ల సమాధివాచకముతోను, 3 చోట్ల గొయ్యి యను నర్థముగల పదముతోను అనువదించినది. హేడీసును, గెహెన్నాను, టార్టరసును సామాన్యముగా నొకే పదమున కలిపివేసినది. మన తెలుగు బైబిలు ఈ విషయమున ఎక్కువ జాగరూకత చూపినదని చెప్పవచ్చును. షియోలు, హేడీసులకు చాలవరకు 'పాతాళము' అనియు, గెహెన్నాకు 'నరకము' అనియు అనువాదకులు వేరువేరు పదములను నియమించిరి. ధనవంతుడును లాజరును గల దృష్టాంతమున ధనవంతుడు యాతనపడుచున్నది తెలుగులో పాతాళమునందే గాని నరకమునందు కాదు. ఆంగ్లమును మాత్రమే చదివినవారికి ఈ వివేచన సులభముగా లభింపదు.

ఇక దండనమునకు విశేషణమైన గ్రీకు పదము 'అయోనియోస్'. ఇది యుగవాచకమైన 'అయోన్' శబ్దమునుండి పుట్టినది. యుగసంబంధి, రాబోవు యుగమునకు చెందినది, అంతము లేనిది అను నర్థములు దీనికి కలవు. లాటిన్ అనువాదములలో దీనికి నిరవధికత్వమును సూచించు పదము స్థిరపడగా పాశ్చాత్యులకు మూడవ యర్థమే ముఖ్యమైనది. దండనార్థకమైన 'కోలాసిస్' పదమును గూర్చియు వివాదము కలదు. దండితుని మేలు కొరకైనది కోలాసిస్ అనియు, దండించువాని తృప్తి కొరకైనది 'టిమోరియా' అనియు అరిస్టాటిల్ తన అలంకారశాస్త్రమున విభజించెను. మత్తయి సువార్త 25వ అధ్యాయమున నున్నది కోలాసిస్. కాని కొత్త నిబంధన కాలమునాటికి ఈ భేదమును అందరును పాటించుచుండిరని చెప్ప వీలులేదు. కావున శబ్దమాత్రమున నిర్ణయము సాధ్యము కాదు. మూడు మతములు పుట్టుటకు అవకాశ మిచటనే యున్నది.

2. ప్రథమమతము: నిత్యయాతన

దుష్టులు పునరుత్థానమొంది, దేహముతోను స్పృహతోను అంతములేని బాధ ననుభవింతురనునది మొదటి మతము. కార్తేజీయుడైన టెర్టులియను క్రీ.శ. 200 ప్రాంతముననే దీనిని తీవ్రముగా చెప్పినవాడు. దీనికి శాస్త్రరూపమిచ్చినవాడు హిప్పో నగరపు బిషప్పైన అగస్టీను. ఆయన 413-426 సంవత్సరముల మధ్య రచించిన 'దైవనగరము' 22 ఖండముల గ్రంథము. అందు 21వ ఖండము సంపూర్ణముగా నీ విషయమునకే కేటాయింపబడినది.

దేహము నిరంతరము కాలుచు నశింపకుండుట యెట్లను నాక్షేపణకు అగస్టీను చెప్పిన సమాధానము విచిత్రమైనది. కార్తేజీ నగరమున తనకు వడ్డించిన నెమలిమాంసమును కొంత దాచియుంచి చూడగా ముప్పది దినములు దాటినను అది దుర్వాసన గొట్టలేదని, సంవత్సరము గడచినను కొంచెము ఎండి ముడుచుకొన్నదే గాని చెడలేదని యాయన వ్రాసెను. ప్రకృతియందే యిట్టి యద్భుతము లుండగా సృష్టికర్త సంకల్పమునకు అసాధ్యమేమని యాయన వాదము. ఈ దృష్టాంతము నేడు మనకు నవ్వు పుట్టింపవచ్చును. కాని ఆయన రెండవ వాదము బలమైనది. మత్తయి వాక్యమున దండనమునకును జీవమునకును ఒకే విశేషణము కలదు. దండనమున కంతము కలదన్నచో నీతిమంతుల జీవమునకును అంతము కలదనవలెను గదా యని యాయన తర్కించెను. తరువాతి పదునాలుగు శతాబ్దులలో ఈ మతమును సమర్థించిన వారందరికిని ఇదియే ముఖ్యాధారము.

అల్పకాలమున చేసిన పాపమునకు అనంతదండనము న్యాయమా యను ప్రశ్నకు 13వ శతాబ్దివాడైన థామస్ ఆక్వినాసు సమాధానము చెప్పెను. పాపము అనంతుడైన భగవంతునినుండి విముఖత గనుక ఆ యంశమున దానికి ఆనంత్యము కలదని యాయన సిద్ధాంతము. దండనమును ఆయన రెండుగా విభజించెను: భగవద్దర్శనము నెన్నడును పొందకుండుట యొకటి, ఇంద్రియముల ద్వారా అనుభవించు బాధ యొకటి. మొదటిదియే ఘోరమైనది. డాంటే మహాకవి 14వ శతాబ్ద్యారంభమున నరకమును తొమ్మిది మండలములుగా వర్ణించెను. అందలి యధోభాగమున అగ్ని లేదు, మంచుగడ్డ కలదు. ప్రేమరాహిత్యమునకు శైత్యమే తగిన రూపమని యాతడు భావించినట్లున్నది.

ఈ మతమునకు అతిక్లిష్టమైన యాక్షేపణ తర్కమునుండి గాక హృదయమునుండి వచ్చును. స్వర్గమునందున్నవారు నరకమునందున్న తమవారిని తలచి సుఖముగా నుండగలరా? ఆక్వినాసు రచనలనుండి ఆయన మరణానంతరము కూర్పబడిన యనుబంధభాగమున దీనికొక యుత్తరము కలదు. పుణ్యాత్ములు దండనమును దండనముగా చూచి సంతోషింపరు. అందు వ్యక్తమగు దైవన్యాయమును, తమకు కలిగిన విమోచనమును చూచి సంతోషింతురు అని. ధర్మరాజు కథ నెఱిగిన తెలుగు పాఠకునకు ఈ యుత్తరము తృప్తి కలిగించుట కష్టము. క్రైస్తవ గ్రంథమునందును దీనికి విరుద్ధమైన స్వరము వినబడుచున్నది. తన జనులను క్షమింపనిచో తన పేరును గ్రంథమునుండి తుడిచివేయుమని మోషే దేవుని వేడెను. తన బంధువుల కొరకు తాను క్రీస్తునుండి వేరుపడుటకైనను సిద్ధమని పౌలు రోమీయులకు వ్రాసెను. ధర్మరాజునకు వీరు దూరపువారు కారు.

3. ద్వితీయమతము: వినాశము

ఆత్మ సహజముగా అమరము కాదనియు, అమరత్వము దేవుడు నీతిమంతుల కొసగు వరమనియు, దుష్టులు తీర్పు పొంది యంతమున సర్వనాశన మొందుదురనియు చెప్పునది రెండవ మతము. ఆత్మ స్వభావసిద్ధముగా అమరమనుట ప్లేటో మతమే గాని బైబిలు మతము కాదని వీరి మూలవాదము. 4వ శతాబ్ద్యారంభమున ఆఫ్రికా వాసియైన ఆర్నోబియసు దుష్టాత్మలు నశించునని వ్రాసెను.

దేహమును ఆత్మను గూడ గెహెన్నాలో నశింపజేయగలవానికి భయపడుమను సువార్తవాక్యము, పాపమునకు ఫలము మరణమను పౌలు వాక్యము, ప్రకటన గ్రంథమున అగ్నిగుండమునకు 'రెండవ మరణము' అను పేరుండుట వీరి ప్రమాణములు. ఆరని అగ్ని, చావని పురుగు అను వర్ణన యెషయా గ్రంథపు చివరినుండి గ్రహింపబడినదనియు, అచట అగ్ని దహించుచున్నది శవములనే గాని ప్రాణులను కాదనియు వీరు చూపుదురు. ఆరని అగ్ని యనగా కాల్చవలసినదానిని కాల్చువరకు ఎవరును ఆర్పజాలని అగ్ని యని వీరి వ్యాఖ్య. అగస్టీను వాదమునకు వీరి సమాధానమిది: దండనము నిత్యమే, కాని దండించుట నిత్యము కాదు, మరణశిక్ష క్షణములో ముగిసినను దాని ఫలము తిరుగని దైనట్లు వినాశము శాశ్వతము. ఇచట ప్రతిపక్షులు ప్రకటన గ్రంథమున యాతన యుగయుగములు కొనసాగునని చెప్పు భాగములను చూపుదురు. ఆ గ్రంథభాష సంకేతమయ మని వినాశవాదుల ప్రత్యుత్తరము.

ఆంగ్లదేశమున ఎడ్వర్డ్ వైట్ 1846లో ఈ మతమును ప్రతిపాదించెను. 1863లో సంఘముగా నేర్పడిన సెవెంత్‌డే అడ్వెంటిస్టులు దీనిని తమ సిద్ధాంతముగా గ్రహించిరి. 1988లో, ప్రొటెస్టంటు సంప్రదాయవాదులలో మిక్కిలి గౌరవము గాంచిన జాన్ స్టాట్ తానీ మతము వైపు మొగ్గుచున్నానని, కాని దానిని నిశ్చితముగా చెప్పజాలనని ప్రకటించుట పెద్ద కలకలమును కలిగించెను.

4. తృతీయమతము: సర్వపునఃస్థాపన

దండనము కలదు, కాని అది శుద్ధి కొరకే. అంతమున సర్వజీవులును భగవంతుని చేరుదురనునది మూడవ మతము. గ్రీకు భాషలో దీనికి 'అపోకటాస్టసిస్' అని పేరు. పూర్వస్థితికి మరల చేర్చుట యని దీనికర్థము. అలెగ్జాండ్రియా పండితుడైన ఆరిజెను దీనికి ప్రథమాచార్యుడు. 3వ శతాబ్ది పూర్వార్ధమున నాయన రచించిన 'మూలతత్త్వములు' అను గ్రంథము గ్రీకు మూలమున చాలవరకు నశించి, రూఫీనసు లాటిన్ అనువాదమున నిలిచినది. పాపిని కాల్చు అగ్ని వెలుపలినుండి వచ్చునది కాదనియు, ప్రతి పాపియు తన యగ్నిని తానే రగిల్చుకొనుననియు, పాపములే దాని కింధన మనియు ఆయన వ్రాసెను. భగవంతుడు సర్వమునందును సర్వమగునని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటయే ఆయనకు పరమప్రమాణము.

నిస్సా నగరపు గ్రెగొరీ 4వ శతాబ్దివాడు. తన యక్క మాక్రీనా మరణశయ్యపై నుండగా జరిగినట్లుగా నాయన రచించిన సంవాదమున ఒక చక్కని దృష్టాంతము కలదు. మట్టి గట్టిగా పట్టిన త్రాటిని ఇరుకైన రంధ్రముగుండ లాగినచో మట్టి రాలును, త్రాడు ఒరసికొనును. లాగువాని యుద్దేశము త్రాటిని బాధించుట కాదు, దానిని తనవద్దకు తెచ్చుకొనుట. ఎంత మట్టి యున్నదో అంత యొరపిడి. 7వ శతాబ్దిలో నీనెవె బిషప్పైన ఇస్సాకు, గెహెన్నాలో నున్నవారిని బాధించునది కూడ దైవప్రేమయే యని చెప్పెను. ప్రేమకు ద్రోహము చేసితినన్న యెరుకయే అగ్ని యని యాయన భావము.

543లో జస్టీనియను చక్రవర్తి శాసనము ఆరిజెను సిద్ధాంతములను ఖండించెను. 553లో కాన్‌స్టాంటినోపులున కూడిన మహాసభ నిర్ణయములలో ఆరిజెను పేరు నిషిద్ధుల పట్టికలో చేరినది. అయితే ఆ సందర్భమున వెలువడిన 15 ఖండనవాక్యములు సభాధికారము గలవియా కావా యనియు, ఖండింపబడినది సర్వపునఃస్థాపనమా లేక ఆత్మల పూర్వజన్మవాదముతో ముడిపడిన రూపమా యనియు పండితులు నేటికిని వాదించుచున్నారు. అదే మతమును చెప్పిన గ్రెగొరీ మాత్రము ప్రాచ్య పాశ్చాత్య సంఘములు రెండింటను పునీతుడుగా పూజింపబడుచున్నాడు.

ఈ మతమునకు ప్రధానమైన యాక్షేపణ స్వాతంత్ర్యమునకు సంబంధించినది. ఎన్నడును ఒల్లననువానిని దేవుడు బలవంతముగా రక్షించునా? రక్షించినచో అది ప్రేమ యగునా? పునఃస్థాపనవాదులు దీనికిట్లు ప్రత్యుత్తరమిత్తురు: నిజముగా స్వతంత్రమైన మనస్సు పరమశ్రేయస్సును ఎఱిగియు శాశ్వతముగా త్రోసిపుచ్చుట సంభవింపదు, అట్లు త్రోసిపుచ్చుచున్నదన్నచో అది ఇంకను అజ్ఞానబద్ధమే.

5. మధ్యమార్గములు

ఈ మూడింటికి నడుమ కొన్ని ఏర్పాట్లు కలవు. కథోలిక సంఘము కృపయందు మరణించినను పరిశుద్ధులు కానివారికి శుద్ధిస్థితి కలదని 1274 నాటి లియోన్ సభలోను, 1439 నాటి ఫ్లోరెన్సు సభలోను, 1563 నాటి ట్రెంటు సభాశాసనమునను ప్రకటించెను. తెలుగు కథోలికులు దీనిని 'ఉత్తరించు స్థలము' అందురు. ఇది నరకము కాదు. ఇందు ప్రవేశించినవారందరును స్వర్గమును చేరువారే. లూథరు మొదలగు సంస్కర్తలు దీనిని నిరాకరించుటచే ప్రొటెస్టంటులకు స్వర్గనరకములు రెండే మిగిలినవి. మరణించినవారి కొరకు చేయు ప్రార్థనకు తావు పోయినది. మా విద్యార్థి ప్రశ్నలోని వేదన కొంతవర కీ చరిత్రనుండి పుట్టినదే.

సువార్త విననివారి గతియేమి? క్రీస్తు చెరలోనున్న యాత్మలకు ప్రకటించెనని మొదటి పేతురు పత్రిక చెప్పుచున్నది. ప్రాచ్యసంఘముల పునరుత్థాన చిత్రములలో క్రీస్తు పాతాళద్వారములను ద్రొక్కి ఆదామును హవ్వను చేయిపట్టి పైకి లాగుచుండును. 1964లో రెండవ వాటికను సభ, తమ దోషము లేకయే క్రీస్తును ఎఱుగనివారు ఋజువర్తనముతో దైవమును వెదకినచో రక్షణ నొందగలరని ప్రకటించెను. 1999లో రెండవ జాన్‌పాల్ పోపు నరకమును ఒక స్థలముగా గాక భగవంతునినుండి తనను తాను వేరుచేసికొన్నవాని స్థితిగా వివరించెను. నిత్యత్వమును మాత్రము ఆ సంఘము విడువలేదు.

6. ఒక ఆచార్యుని కథ

ఈ వివాదము గ్రంథములలోనే నిలువక జీవికలను తాకిన సందర్భములు కలవు. లండనులోని కింగ్స్ కళాశాలలో ఫ్రెడరిక్ డెనిసన్ మారిస్ ఆంగ్లసాహిత్య చరిత్రలకును, పిదప వేదాంతమునకును ఆచార్యుడు. ఆయన 1853లో ప్రకటించిన 'వేదాంతవ్యాసములు' అను గ్రంథమున నిత్యశబ్దమునకు కాలపరిమాణముతో సంబంధము లేదని వాదించెను. యోహాను సువార్తలో నిత్యజీవమనగా దేవుని ఎఱుగుటయే యని నిర్వచనము కలదు గనుక నిత్యమరణమనగా ఆ యెరుకను కోల్పోవుటయే యని యాయన తాత్పర్యము. అంతయు రక్షింపబడుదురని యాయన చెప్పలేదు. దైవప్రేమకు హద్దు గీయుటకు నాకధికారము లేదని మాత్రమే చెప్పెను. ఆ సంవత్సరమే కళాశాల పాలకమండలి ఆయనను ఉద్యోగమునుండి తొలగించెను. ఒక్క విశేషణమునకు చెప్పిన యర్థము ఒక ఉపాధ్యాయుని పీఠమును కదల్చినది. మరుసటి యేడు ఆయన లండనులో శ్రామికుల కొరకు కళాశాలను స్థాపించెను. 1866లో కేంబ్రిడ్జిలో ఆచార్యపదవి నొందెను.

1860లో వెలువడిన యొక వ్యాససంపుటమున, దుష్టులకును తుదకు క్షమ లభింపవచ్చునని యాశించిన విల్సన్ అను మతాచార్యునిపై అభియోగము నడచినది. 1864లో ప్రివీ కౌన్సిలు న్యాయసంఘము అట్టి యాశను ప్రకటించుట ఆంగ్లసంఘ శాసనములకు విరుద్ధము కాదని తీర్పిచ్చెను. తీర్పును చదివిన వెస్ట్‌బరీ ప్రభువు నరకమును దావా ఖర్చులతో సహా కొట్టివేసినాడని ఆనాటివారు పరిహాసమాడిరి. ఇంచుమించు 11,000 మంది మతాచార్యులు నిత్యదండనమును సమర్థించుచు చేవ్రాళ్లు చేసిరి. నరకభయము తొలగినచో లోకమున నీతి నిలువదని వారి భీతి. భయముచే నిలిచిన నీతి నీతియేనా యని ప్రతిపక్షుల ప్రశ్న.

7. తెలుగు శబ్దములు తెచ్చిన యర్థములు

1805లో విశాఖపట్టణమున పనికి పూనుకొన్న లండను మిషనరీలు మొదలుకొని బైబిలును తెనిగించిన వారందరును మన పురాణభాషనే యాశ్రయింపవలసివచ్చెను. గెహెన్నాకు నరకశబ్దమును గ్రహించుట సహజము. కాని శబ్దము వట్టిచేతులతో రాదు. భాగవత పంచమస్కంధమున 28 నరకములు చెప్పబడినవి. అవి యన్నియు సాంతములు. పాపఫలము అనుభవముచే క్షయింపగా జీవుడు మరల జన్మమెత్తును. మన నరకము చెరసాలవంటిది, శిక్షాకాలము ముగియగనే తలుపు తెరచుకొనును. తమోయోగ్యులైన జీవులకు నిత్యనరకము కలదన్న మధ్వాచార్యుల మతము మన దర్శనములలో ప్రసిద్ధమైన యపవాదము. కావున గెహెన్నా తెలుగున నరకమైనపుడు, వినువాని మనస్సున తెలియకయే ఒక ముగింపు చేరినది. ఆ ముగింపును తొలగించు భారమంతయు 'నిత్య' విశేషణముపై పడినది.

ఆ విశేషణమునకును మన భాషలో రెండు ముఖములు కలవు. నిత్యానిత్యవస్తు వివేకమన్నపుడు నిత్యము నాశములేనిది. నిత్యకర్మ, నిత్యపూజ యన్నపుడు అది ప్రతిదినమును జరుగునది. గ్రీకు పదమున యుగమునకును అనంతత్వమునకును నడుమ సందిగ్ధత యుండగా, తెలుగు పదమున దినమునకును అనంతత్వమునకును నడుమ సందిగ్ధత యున్నది. మూలమునందలి సందిగ్ధతను అనువాదము పోగొట్టలేదు. దాని స్థానమును మాత్రము మార్చినది.

8. ఉపసంహారము

మూడు మతములును ఒకే గ్రంథమును ప్రమాణముగా గ్రహించినవే. మొదటిది దైవన్యాయమునకును మానవుని యెన్నికకుగల గురుత్వమునకును ప్రాధాన్యమిచ్చుచున్నది. రెండవది జీవము దైవదత్తమను సత్యమును ముందు నిలుపుచున్నది. మూడవది దైవప్రేమ పరాజయ మెఱుగదని విశ్వసించుచున్నది. సంఖ్యాబలము, సంఘశాసనబలము మొదటిదానికే ఎక్కువ. కాని తక్కిన రెండును నవీనుల కల్పనలని చెప్పుట చరిత్రకు విరుద్ధము. మూడు మతములకును మొదటి నాలుగైదు శతాబ్దులలోనే ప్రవక్తలు కలరు.

ఆ విద్యార్థి పిదప పరిశోధకుడై మరల నావద్దకు వచ్చినపుడు ఈ విషయమంతయు నతనికి చెప్పితిని. అతడు చాలసేపు మౌనముగా నుండి, "అయితే మా ముత్తవ్వకై నేను ప్రార్థింపవచ్చునా?" అని యడిగెను. అది సాహిత్యశాఖ నిర్ణయింపదగిన విషయము కాదంటిని. అయినను, అట్లు ప్రార్థించినవారు, తమవారు లేని స్వర్గమును ఒల్లనన్నవారు అతని సంప్రదాయమునందును మన భారతమునందును కలరని మాత్రము నిశ్చయముగా చెప్పగలిగితిని.